ఎమ్మా గేట్‌వుడ్ నడిచింది మనకు పాఠం చెప్పడానికి కాదు

ఎమ్మా గేట్‌వుడ్ గురించి ఇంటర్నెట్‌లో తిరిగే కథ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అమెరికాలో ఓ పెద్దావిడ, వయసు 67, పదకొండు మంది పిల్లల తల్లి. మామూలు కాన్వాస్ బూట్లు వేసుకుని, భుజాన గుడ్డసంచి తగిలించుకుని, 1955లో అపలాచియన్ ట్రైల్ అనే కొండదారిని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒంటరిగా నడిచేసింది. దాదాపు 3,300 కిలోమీటర్లు. ఆ కింద పెద్ద అక్షరాల్లో: వయసు ఒక అంకె మాత్రమే, మరి మీకేం అడ్డం?

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివిన ప్రతిసారీ నాకు చిరాకేస్తుంది. ‘మీకేం అడ్డం’ అని ఎమ్మానే అడిగి ఉంటే, ఆవిడ దగ్గర చాలా పెద్ద జాబితా ఉండేది. అరవై ఏళ్ల పాటు ఆవిడకు అడ్డం పడినవన్నీ కథలోంచి తీసేశాం. మిగిలిన ఐదు నెలల్ని పట్టుకుని మన బద్ధకాన్ని తిట్టుకోవడానికి వాడుకుంటున్నాం. ఎనభై ఐదేళ్లు బతికిన మనిషిని ఇలా తలుచుకోవడం అన్యాయమని నా ఉద్దేశం.

ఆవిడ 1887 అక్టోబరు 25న ఒహాయో రాష్ట్రంలోని గాలియా కౌంటీలో పుట్టింది. పదిహేను మంది సంతానంలో ఒకతె. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. 1907లో, పంతొమ్మిదేళ్లకు, పి.సి. గేట్‌వుడ్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. అతను చదువుకున్నవాడు, బడిలో పాఠాలు చెప్పినవాడు, తర్వాత పొగాకు రైతు అయ్యాడు. పెళ్లయిన దగ్గర్నుంచే ఆవిడతో కంచెలు వేయించాడు, పొగాకు నారుమళ్లు కాల్పించాడు, సిమెంటు కలిపించాడు. కొద్ది నెలలకే కొట్టడమూ మొదలుపెట్టాడు. అది మూడు దశాబ్దాలు ఆగలేదు. ఆ మధ్యలోనే పదకొండు కాన్పులు, పొలం పని, ఇంటి పని.

‘ఆవిడకు ఆరుబయట అంటే ప్రాణం’ అని రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఎమ్మా పుట్టిన దగ్గర్నుంచీ ఆరుబయటే ఉంది. ఎండలో, వానలో, బురదలో, కట్టెల మోపు కింద. రైతు ఇంట్లో ఆడమనిషికి ఆరుబయట అంటే పనిచేసే చోటు. ప్రకృతిని ప్రేమించడం తీరిక ఉన్నవాళ్ల సరదా అనీ, పొలంలో నడుం వంచినవాళ్లకు చెట్టూ పుట్టా చూసి మురిసిపోయే ఓపిక ఉండదనీ కొందరు వాదిస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఎమ్మా ఆ వాదనకు లొంగదు. భర్త చెయ్యెత్తినప్పుడు ఆవిడ పరిగెత్తింది అడవిలోకే. అక్కడ దాక్కోవడంతో సరిపెట్టుకోలేదు. ఏ మొక్క మందుకు పనికొస్తుంది, ఏది తినొచ్చు, ఏ జంతువు ఎక్కడ తిరుగుతుంది అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. ఇంట్లో దొరికిన సమయంలో విజ్ఞాన సర్వస్వాలు, గ్రీకు కావ్యాలు చదువుకుంది. ఒకే అడవి పొద్దున కట్టెలకు, రాత్రి ప్రాణం దక్కించుకోవడానికి, ఆ రెంటి మధ్య ఎప్పుడైనా ఉత్తపుణ్యానికి చూసుకోవడానికి. అరవై ఏడేళ్లకు బయల్దేరినప్పుడు ఆవిడకు అడవి కొత్త కాదు. అడవిలో తన ఇష్టప్రకారం ఎంతసేపైనా ఉండొచ్చన్నది మాత్రం కొత్త.

ఆ స్వేచ్ఛ ఊరికే రాలేదు. నోరెత్తితే పిచ్చాసుపత్రిలో వేయిస్తానని భర్త బెదిరించేవాడు. ఆ రోజుల్లో అది ఉత్త బెదిరింపు కాదు, భర్త తలుచుకుంటే జరిగిపోయే పనే. 1939లో ఒకసారి పళ్లు విరిగేలా, పక్కటెముక చిట్లేలా కొట్టాడు. పోలీసులొచ్చి అరెస్టు చేసింది ఆవిడనే. వెస్ట్ వర్జీనియాలోని ఆ చిన్న ఊరి మేయర్ ఆవిడ ముఖం మీది దెబ్బలు చూసి, జైలు నుంచి తన ఇంటికి తీసుకెళ్లాడు. 1941లో విడాకులు వచ్చాయి. అప్పటికి ఆవిడకు యాభై మూడు. ఇంకా ఎదగాల్సిన పిల్లలున్నారు. వాళ్లు కూడా ఎవరి దారి వాళ్లు చూసుకున్నాకే ఆవిడ తన దారి వెతుక్కుంది.

1949లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అపలాచియన్ ట్రైల్ మీద ఒక వ్యాసం వచ్చింది. ఈ దారిని బెంటన్ మకాయ్ అనే అతను 1921లో ఊహించాడు. ఎంతోమంది వాలంటీర్లు చెట్లు కొట్టి, గుర్తులు పెట్టి, 1937కి పూర్తిచేశారు. దక్షిణాన జార్జియా నుంచి ఉత్తరాన మెయిన్ దాకా పద్నాలుగు రాష్ట్రాల గుండా పోతుంది. దాన్ని ఒక్క దఫాలో మొత్తం నడిచానని 1948లో మొదటగా చెప్పినవాడు ఎర్ల్ షాఫర్, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు. ఆ వ్యాసం చదివితే దారంతా చదునుగా, శుభ్రంగా ఉంటుందనీ, రోజు నడక అయ్యేసరికి తలదాచుకోవడానికి గుడిసె దొరుకుతుందనీ అనిపిస్తుంది. ఎమ్మా నమ్మింది. తర్వాత చాలాసార్లు ఆ వ్యాసాన్ని తిట్టుకుంది కూడా.

1954లో ఉత్తరం కొస నుంచి, మెయిన్‌లోని కటాడిన్ కొండ దగ్గర మొదలుపెట్టింది. కొద్ది రోజులకే దారి తప్పింది, కళ్లజోడు విరిగింది, తిండి అయిపోయింది. వెతికి పట్టుకున్న రేంజర్లు ఇంటికెళ్లిపొమ్మన్నారు. వెళ్లింది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరుసటి ఏడాది మే 3న దక్షిణం కొస నుంచి, జార్జియాలోని ఓగల్‌థార్ప్ కొండ దగ్గర బయల్దేరింది. పిల్లలతో అన్న మాట ‘కాస్త అలా నడిచొస్తాను’ అని మాత్రమే. ఇది నాకు భలే నచ్చిన విషయం. అనుమతి అడగలేదు, వివరణ ఇవ్వలేదు, అబద్ధమూ ఆడలేదు.

ఇప్పుడు ఆ సంచి సంగతి. అందరూ దాన్ని అమాయకత్వానికి గుర్తుగా చెబుతారు: ‘పాపం, ఏమీ తెలియని ముసలావిడ, అయినా నడిచేసింది.’ సంచిలో ఏముందో చూస్తే ఆ మాట అనలేం. డెనిమ్ గుడ్డతో తనే కుట్టుకున్న సంచి. బరువు తొమ్మిది కిలోలకు మించనిచ్చేది కాదు. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగ్ లేదు. ఒక దుప్పటి, ఒక రెయిన్‌కోటు, ఒక ప్లాస్టిక్ షవర్ కర్టెన్. ఆ కర్టెన్ నేల మీద పరుచుకోవడానికి, వానొస్తే పైన కప్పుకోవడానికి. తినడానికి డబ్బా సాసేజ్‌లు, ఎండుద్రాక్ష, వేరుశెనగ పప్పులు, నీళ్లలో వేస్తే పులుసయ్యే బిళ్లలు. దారిలో కనిపించే ఆకులూ పళ్లూ. వాటిలో ఏది తినొచ్చో ఆవిడకు ఎప్పటినుంచో తెలుసు. ఈరోజు హైకింగ్ చేసేవాళ్లలో బరువు తగ్గించుకోవడం ఒక శాస్త్రమైంది. టూత్‌బ్రష్ పిడిని కూడా విరిచి గ్రాములు మిగుల్చుకునేవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది ఎమ్మానే ఆ పద్ధతికి ఆద్యురాలంటారు. అన్నేళ్లు పదకొండు మందితో పేద సంసారం ఈదిన మనిషికి ఏది అవసరమో ఏది కాదో ఇంకెవరూ నేర్పక్కర్లేదు. ఆ పని తెలిసినతనానికి మనం పెట్టిన పేరు అమాయకత్వం!

దారి మాత్రం పత్రికలో చెప్పినట్టు లేదు. కూలిన చెట్లు, కాలిపోయిన అడవి, నడుము దాకా కలుపు, గుర్తులు చెరిగిపోయిన మలుపులు. ఆగస్టులో కోనీ, డయాన్ అనే రెండు తుఫాన్లు ఒకదాని వెంట ఒకటి ఆ ప్రాంతాన్ని ముంచెత్తాయి. పొంగిన ఒక వాగును దారిలో కలిసిన ఇద్దరు కుర్రాళ్ల సాయంతో దాటింది. కొందరు ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టి పడుకోబెట్టారు, కొందరు మనిషిని చూడగానే తలుపేసుకున్నారు. దారి మధ్యలో ఉండగా పత్రికలవాళ్లకు ఉప్పందింది. ఆ తర్వాత ఊరు తగిలిన చోటల్లా విలేకరులు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అనే క్రీడా పత్రిక కూడా రాసింది. ఎమ్మా వాళ్లకు దారి గురించి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్కడ పెద్ద బండ ఉంటే దాని మీదుగానే, ఎక్కడ ఎత్తైన కొండ ఉంటే దాని నెత్తి మీదకే ఈ దారి ఎందుకు తీసుకెళ్తుందో అర్థం కాదని విసుక్కుంది. ఇంత కష్టమని తెలిస్తే మొదలుపెట్టేదాన్నే కాదనీ, మొదలుపెట్టాక వదిలేదాన్ని మాత్రం కాదనీ చెప్పింది. ఆ విసుగు అచ్చులో వచ్చాక చాలామంది అమెరికన్లకు అలాంటి దారి ఒకటుందని మొదటిసారి తెలిసింది. ప్రకృతి ప్రేమికులంటే ఎప్పుడూ పరవశంలో ఉండాలనుకునేవాళ్లు ఆవిడ మాటలు వెతికి చదవాలి. ప్రేమ ఉన్నచోట ఫిర్యాదులు కూడా దండిగా ఉంటాయి.

సెప్టెంబరు 25న కటాడిన్ శిఖరం చేరింది. మొత్తం 146 రోజులు, అంటే సగటున రోజుకు ఇరవై రెండు కిలోమీటర్లకు పైనే. ఆ దారిని ఒక్క దఫాలో ఒంటరిగా పూర్తి చేసిన మొదటి స్త్రీ ఆవిడ.

విలేకరులందరూ ఒకటే అడిగారు: ఎందుకు? ఆవిడ ఒక్కోసారి ఒక్కో జవాబిచ్చింది. సరదాగా ఉంటుందనుకున్నానంది. ఈ కొండ అవతల ఏముందో చూడాలనిపించింది, తర్వాత దానికి అవతల ఏముందో చూడాలనిపించింది అంది. మీ ఆయన సంగతేమిటంటే, నేను విధవనంది. అతను అప్పటికి బతికే ఉన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆవిడకు బాగా తెలుసు. దెబ్బల సంగతి ఆవిడ లోకానికి చెప్పుకోలేదు. చాలా దశాబ్దాల తర్వాత, కుటుంబం దాచిన ఉత్తరాలు, డైరీలు బయటికొచ్చాకే అది జనానికి తెలిసింది.

అది తెలిశాక కథ ఇంకో రూపం తీసుకుంది. ఈసారి కింద రాసేది ‘గాయాల నుంచి నడుచుకుంటూ బయటపడిన స్త్రీ’. మొదటి రూపం కంటే ఇది మెరుగే, కనీసం ఆవిడ జీవితం ఇందులో ఉంది. ఐనా నాకు ఇదీ మింగుడు పడదు. విడాకులకూ నడకకూ మధ్య పద్నాలుగేళ్లున్నాయి. ఆ పద్నాలుగేళ్లలో ఆవిడ పని చేసుకుంది, పిల్లల్ని ఒక దరికి చేర్చింది, బతికింది. నడక మందు అనుకుంటే రోగం ముదిరిన రోజుల్లో కదా వేసుకోవాలి! మగవాడు కొండెక్కితే ‘ఎక్కాలనిపించింది, ఎక్కాడు’ అని ఒప్పుకుంటాం. ఎర్ల్ షాఫర్ యుద్ధాన్ని మరిచిపోవడానికి నడిచానని తనే చెప్పుకున్నాడు. అయినా అతన్ని ముందు నడకగాడిగానే చూస్తాం. ఆడమనిషి ఎక్కితే మాత్రం వెనకాల ఒక కారణం ఉండి తీరాలి. వయసును ఓడించడానికో, బాధను మర్చిపోవడానికో, ఆరోగ్యానికో, మనకు స్ఫూర్తినివ్వడానికో. ఆవిడకు నడవడం ఇష్టం అనే జవాబు ఎవరికీ చాలదు.

ఇష్టమే అనడానికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం ఆ తర్వాతి ఏళ్లు. ఏదో నిరూపించడానికే అయితే ఒకసారి చాలు. టీవీలో కనిపించింది, పేరొచ్చింది, ఇంట్లో కూర్చోవచ్చు. 1957లో మళ్లీ వెళ్లి అదే దారి మొత్తం నడిచింది. రెండోసారి ఎవరైనా రికార్డు కోసం చేస్తారా? మొదటిసారి విలేకరుల గోలలో చూడలేకపోయినవి చూసుకుందామని వెళ్లి ఉంటుందని నా ఊహ. 1959లో, 71 ఏళ్ల వయసులో, ఒరెగాన్ రాష్ట్రం ఏర్పడి వందేళ్లయిన సందర్భంగా మిస్సోరిలోని ఇండిపెండెన్స్ నుంచి పోర్ట్‌లాండ్ దాకా పాత వలసదారులు బండ్లలో వెళ్లిన దారిలో నడిచింది. సుమారు 3,200 కిలోమీటర్లు, 95 రోజుల్లో. కొండలు తక్కువ కాబట్టి రోజుకు ముప్ఫై కిలోమీటర్లు దాటించింది. కానీ అందులో చాలా భాగం మండే రోడ్డు పక్కన నడక. నన్నడిగితే అపలాచియన్ కంటే అదే కష్టం. 1964 నాటికి, డెబ్బై ఐదు దాటాక, ముక్కలు ముక్కలుగా నడిచి అపలాచియన్ ట్రైల్‌ను మూడోసారి పూర్తిచేసింది. మూడుసార్లు పూర్తిచేసిన మొదటి మనిషి ఆవిడే అంటారు.

ఇక్కడే హుల్డా క్రూక్స్‌ని కూడా తలుచుకోవాలి. ఆవిడకూ ఇదే గతి పట్టింది. 1896లో కెనడాలో పుట్టి, కాలిఫోర్నియాలో బతికి, 1997లో 101 ఏళ్లకు పోయింది. అక్కడి 4,421 మీటర్ల విట్నీ శిఖరాన్ని 65 నుంచి 91 ఏళ్ల మధ్య ఇరవై మూడు సార్లు ఎక్కింది. 91 ఏళ్లకు జపాన్ వెళ్లి ఫుజీ కూడా ఎక్కింది. ఆవిడ శాకాహారి కావడంతో జనం దృష్టంతా ప్లేటు మీదకే పోయింది: ఏం తినేది, ఎప్పుడు పడుకునేది, నూరేళ్ల రహస్యం ఏమిటి? ఇరవై మూడుసార్లు ఒకే కొండ దగ్గరికి వెళ్లిన మనిషిని ఆ కొండ గురించి అడగాలని ఎంతమందికి తోచిందో! హుల్డా భర్త డాక్టరు. నడవమని ఆవిడను ప్రోత్సహించినవాడు అతనే. ఎమ్మా భర్త సంగతి చూశాం. ఇంత తేడా ఉన్న ఇద్దరికీ పెద్ద కొండలు అరవై దాటాకే దక్కాయి. అందులో ‘ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు’ అనే ఊరట వెతుక్కునేవాళ్లను నేను ఆపను. నాకు మాత్రం అంతకు ముందు పోయిన నలభై ఏళ్లే కనిపిస్తాయి. ముప్ఫై ఏళ్ల ఎమ్మా ఎంత దూరం నడిచి ఉండేది? పిల్లల్ని పది రోజులు చూసుకునే మనిషి ఒక్కరు దొరికినా, కొట్టని మొగుడు దొరికినా ఏమయ్యేది? చనిపోయిన పెద్దావిడలను పొగిడేటప్పుడు ఈ లెక్క ఎవరూ తీయరు. తీస్తే పొగడ్తల్లో సగం క్షమాపణలు చెప్పుకోవాల్సి వస్తుంది.

నేను ఎమ్మా గురించి సంస్మరణ రాయాల్సి వస్తే ఎక్కువ జాగా ఇచ్చేది పెద్ద నడకలకు కాదు. ఒహాయోలో బకై ట్రైల్ అని ఒకటుంది, రాష్ట్రమంతా చుట్టివచ్చే దారి. 1959లో దానికోసం సంఘం పెట్టినవాళ్లలో ఎమ్మా ఒకతె. చివరి ఏళ్లలో తన సొంత గాలియా కౌంటీలో ముప్ఫై మైళ్ల దారిని, అంటే దాదాపు యాభై కిలోమీటర్లు, తుప్పలు కొట్టి, గుర్తులు వేసి ఆ దారికి కలిపింది. రోజుకు పది గంటలు పనిచేసేదట. ఎనభై ఏళ్ల ప్రాంతంలో! పడిపోయిన చెట్లనూ చెరిగిన గుర్తులనూ తిట్టుకుంటూ నడిచిన మనిషి, ఆ తిట్టుకున్న పని తనే చేసింది. దీని గురించి స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ రాయలేదు, టీవీ పిలవలేదు. కానీ కంచెలు వేసి, పొగాకు మళ్లు సిద్ధం చేసి అరిగిన చేతులు మళ్లీ అలాంటి పనికే వెళ్లాయి. ఈసారి చెయ్యమన్నవాడు లేడు. ఆరుబయట చేసే కష్టానికీ ఆరుబయట మీది ఇష్టానికీ మధ్య గీత గీసేవాళ్లు ఈ యాభై కిలోమీటర్లను ఏ వైపు వేస్తారో నాకు తెలుసుకోవాలనుంది.

ఒహాయోలోనే హాకింగ్ హిల్స్ అని గుహలూ జలపాతాలూ ఉన్న అడవి ఉంది. అక్కడ జనవరి చలిలో ఏటా ఒక నడక జరుగుతుంది. మొదట్లో ఎమ్మా దాని ముందు నడిచేది. ఓల్డ్ మ్యాన్స్ కేవ్ నుంచి యాష్ కేవ్ దాకా పోయే ఆ పది కిలోమీటర్ల దారికి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది. ఆ నడకకు ఇప్పటికీ వేలమంది వస్తారు. 2012లో అపలాచియన్ ట్రైల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చేర్చారు. బాగానే ఉంది.

చివరి రోజుల్లో ఆవిడ నడవలేదు, బస్సెక్కింది. ఎక్కడైనా ఎక్కి ఎక్కడైనా దిగగలిగే టికెట్ ఒకటి తీసుకుని, అమెరికాలో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న నలభై ఎనిమిది రాష్ట్రాలూ చుట్టింది. తిరిగొచ్చాక కొద్ది రోజులకే, 1973 జూన్ 4న, 85 ఏళ్ల వయసులో పోయింది. ఈ బస్సు ప్రయాణం ఆవిడ ఘనకార్యాల పట్టికల్లో దాదాపుగా కనిపించదు. కిటికీ పక్కన కూర్చుని చూడటంలో రికార్డు లేదు, ఫిట్‌నెస్ లేదు, గాయం మానడమూ లేదు. నేనైతే దాన్ని మొదటి పేరాలో పెడతాను.